ఇరుసులో తాళం, అద్దం దగ్గర దీపం

మా సంఘంలో ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేస్తే పాస్టరు గారు ముందే ఒక మాట అనేవారు: "కళ్లతో చూసింది చెప్పండి. చెవిన పడింది మీ దగ్గరే ఉంచుకోండి." ఈ పేజీలు కూడా ఆ పద్ధతిలోనే రాస్తున్నాను. బండ్ల వెనక ఇరుసుల పని నాది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోయే దారిలో, లోపలి గల్లీలో గఫూర్ సాబ్ షెడ్డు ఉంది. అందులోనే చేరాను, అందులోనే పని చాలించాను. జీతం ఎప్పుడు పెరిగింది, బోర్డు మీద నా పేరు ఎప్పుడు ఎక్కింది అనేవి ఈ పనిలోకి వచ్చే మీకు అక్కరకు రావు. బండిలో కొత్త సామాను బిగిస్తే అనుమతుల సంగతి కూడా చూసుకోవాలి. ఆ కాగితాల గురించి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నేను పని గురించి చెబుతాను.

పక్క సీటు

గఫూర్ సాబ్ దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. బండి ఏ జబ్బుతో వచ్చినా ముందు స్పానర్ పట్టకూడదు. బండివాడిని తాళంచెవి కూడా అడగకూడదు. అతన్నే నడపమని, పక్క సీట్లో కూర్చుని ఒక చుట్టు తిరిగి రావాలి. మిగతా షెడ్లలో మెకానిక్ తానే ఎక్కి, ఇంజను గట్టిగా రేపి, రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేస్తాడు. మా దగ్గర అది కుదరదు.

"బండి జబ్బు బండిలనే ఉంటదని నీకెవడు చెప్పిండు దానియేల్?" అనేవాడు నాతో. "సగం జబ్బు సీట్ల కూసుంటది."

ఒకసారి బంజారా హిల్స్ నుంచి ఒకాయన అద్దంలా మెరిసే జీపు తెచ్చి, వెనక ఇరుసులో బురదకు, గుట్టలకు పనికొచ్చే ఎలక్ట్రిక్ లాకర్ పెట్టమన్నాడు. గఫూర్ సాబ్ ఆయన పక్కన కూర్చుని ఒక చుట్టు వెళ్లొచ్చి నెమ్మదిగా దిగాడు.

"సాబ్, మీ బండి స్పీడు బ్రేకర్ తప్ప గుట్ట మొహం చూడలే. ఈ సామాను మీకెందుకు? చాయ్ తాగి పొండి."

ఆయన చాయ్ తాగకుండానే పోయాడు. వచ్చిన పని పోయినందుకు ఆ రోజు నాకు కష్టంగానే అనిపించింది. ఇప్పుడైతే, వద్దని చెప్పగలిగిన మెకానిక్ దగ్గరే పని నేర్చుకోండని మీకు చెబుతాను. అలాగని ఆయనలో లోటు లేదని కాదు. ఏ పనికీ కారణం నోరు విప్పి చెప్పేవాడు కాదు. చూసి తెలుసుకోవాలి, తెలియకపోతే మళ్లీ చూడాలి. ఆయన చెప్పి ఉంటే నేను చాలా సంగతులు ముందే నేర్చుకునేవాణ్ణి. మీరు పెద్దవాళ్లయ్యాక మీ దగ్గరికి వచ్చేవాళ్లకు కారణాలు చెప్పండి.

రెండు చక్రాలు, ఒక కాడి

లాకర్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ వేర్వేరు వేగాల్లో తిరగడానికి ఇరుసు మధ్యలో ఉండే గేర్ల అమరికే డిఫరెన్షియల్. దాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. మీరు రోజూ ఊరంతా తిరిగి టైర్లు అరగకుండా ఇంటికి వస్తున్నారంటే అది చేసిన మేలే.

బురదలో ఆ మంచితనమే చేటు చేస్తుంది. పట్టు దొరకని చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీద ఉన్న చక్రం కదలదు. లాకర్ ఆ రెండింటినీ ఒకే కాడి కింద కడుతుంది. క్యాబిన్‌లో స్విచ్ నొక్కితే ఇరుసు లోపల అయస్కాంతం పుట్టి, ఒక పళ్లెం జరిగి, రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. స్విచ్ తీసేస్తే మళ్లీ దేని దారి దానిది. తారు రోడ్డు మీద కాడి కట్టి మలుపు తిప్పితే మాత్రం టైర్లు ఏడుస్తాయి, ఇరుసు విరిగే దాకా పోతుంది.

యాదగిరి

యాదగిరి వాళ్ల నాయన సిరిసిల్లలో మగ్గం వదిలి అమీర్‌పేటలో కుట్టుమిషను పెట్టాడు. కొడుకు మిషను మీద కూర్చోనని పికప్ బండి కొన్నాడు. శ్రీనగర్ కాలనీలో ఉండే మూర్తి గారనే సినిమా మేనేజరు దగ్గర కుదిరాడు. షూటింగులకు కరెంటు ఇచ్చే జనరేటరును వెనక బిగించుకుని, యూనిట్ ఎక్కడికి పోతే అక్కడికి పోయేవాడు.

వికారాబాద్ వైపు ఒక అడవిలో, వాన పడిన మర్నాడు, బండి గుట్ట మధ్యలో దిగబడిపోయింది. ఒక చక్రం తిరుగుతోంది, ఇంకొకటి అలాగే ఉంది. పైన యూనిట్ అంతా ఎదురుచూస్తోంది. జనరేటరు పైకి చేరేసరికి వాళ్లకు కావలసిన సాయంకాలపు ఎండ పోయింది. మూర్తి గారు తిట్టలేదు. "యాదగిరీ, అదే గుట్ట మీద ఇంకా పని మిగిలుంది. ఈసారి కూడా ఆగిపోతే వేరే బండి చూసుకుంటా" అన్నారట. తిట్టి ఉంటే బాగుండేదని యాదగిరి నాతో అన్నాడు.

"ఆయన తిడితె మల్ల పిలుస్తడన్నా. తిట్టలేదంటె అయిపోయినట్టే."

నాలుగు చక్రాలూ లాగే బండి కొనే స్థితి లేదు. ఉన్న బండికే లాకర్ పెట్టాలి. గఫూర్ సాబ్ పక్క సీట్లో కూర్చుని వెళ్లొచ్చాడు. ఈసారి చాయ్ తాగి పొమ్మనలేదు. "వీడు నడపనేర్చినోడు. పెడదాం" అన్నాడు.

బిగించడం

ఇరుసు విప్పడం ఎవరైనా చేస్తారు. విప్పక ముందు చూడాల్సింది కొత్త లాకర్ లోపలి పళ్లు, చక్రానికి పోయే పాత షాఫ్టు చివరి పళ్లు ఒకదానికొకటి సరిపోతాయా అన్నది. సరిపోకపోతే అక్కడితో ఆగిపోవాలి. అరగదీసి ఎక్కించేవాళ్లను చూశాను. వాళ్ల బండ్లను మళ్లీ రోడ్డు పక్కన చూశాను.

పాత డిఫరెన్షియల్ మీదున్న పెద్ద పళ్ల చక్రాన్ని, అంటే క్రౌన్‌ను, విప్పి లాకర్ మీదికి మార్చాము. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. తర్వాత అది, ఇంజను బలాన్ని తెచ్చే చిన్న పినియన్ గేరుతో ఎంత దగ్గరగా కూర్చుందో చూడాలి. దగ్గరైతే వేడెక్కుతుంది, దూరమైతే మోగుతుంది. పలచని రేకులు వేసి తీసి ఆ దూరం సరిచేసి, పళ్లకు రంగు పూసి తిప్పితే ఒక పన్ను ఇంకో పంటిని ఎక్కడ ముట్టుకుంటోందో మరక చెబుతుంది. మరక పంటి నడుమ పడే దాకా మళ్లీ విప్పాలి, మళ్లీ బిగించాలి.

మరక నడుమ పడ్డాక గఫూర్ సాబ్ దాని మీద గుడ్డ కప్పి చాయ్‌కి వెళ్లేవాడు. తిరిగొచ్చి గుడ్డ తీసి, ఎవరో వేరేవాళ్లు చేసిన పనిని తప్పు పట్టడానికి వచ్చినట్టు మొదటి నుంచీ చూసేవాడు. ఆ రోజూ అలాగే చూసి, "ఎవరు చేసిండో గానీ మంచిగ చేసిండు" అన్నాడు. ఆయన నోట నేను విన్న పెద్ద మెప్పు అదే.

వైర్ల పని శ్రీలతది. ఆ అమ్మాయి అమీర్‌పేటకు కంప్యూటరు కోర్సు కోసం వచ్చింది. హాస్టల్ మా గల్లీలోనే. కోర్సు పూర్తి చేసింది, మనసు మాత్రం బండ్ల వైర్ల మీద పడింది. నేను చాలామంది ఎలక్ట్రీషియన్లను చూశాను. ఆ అమ్మాయి వేసిన జాయింటును లాగితే వైరు తెగాలే తప్ప జాయింటు ఊడదు. ఇరుసు మీది నుంచి వైరు తీసుకెళ్లేటప్పుడు ఒకచోట కావాలనే వదులుగా వంపు పెట్టింది. ఎందుకని అడిగాను.

"ఇరుసు గుంతల ఆడుతది గదా సార్. వైరును సుత ఆడనియ్యాలె. గట్టిగ కడితె ఇరుసే తెంపి మన చేతుల వెడతది."

గఫూర్ సాబ్ ఎన్నడూ చెప్పని కారణాన్ని ఆమె అడగ్గానే చెప్పింది. ఇద్దరి పనీ చూసే భాగ్యం నాకిచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

బండి అప్పజెప్పేటప్పుడు యాదగిరికి మూడు మాటలు చెప్పాను. బండి ఆపి నొక్కాలి. గట్టి నేల రాగానే తీసెయ్యాలి. తారు రోడ్డు మీద ముట్టుకోకూడదు. సండే స్కూలు పిల్లల చేత వాక్యం చెప్పించినట్టు తిరిగి చెప్పించుకున్నాను. తప్పు లేకుండా చెప్పాడు.

"తీసెయ్యిండ్రి"

మళ్లీ గుట్టకు పోవాల్సిన ముందు రోజు పొద్దున్నే యాదగిరి బండిని షెడ్డు ముందు ఆపి, తలుపు ధడాలున వేశాడు.

"తీసెయ్యిండ్రి సాబ్. పాతదే వెట్టుండ్రి."

"ఏంటి యాదగిరీ, ఏమైంది?" అన్నాను.

"ఏమైందా? మూల తిప్పితె టైర్లు కియ్యిమంటున్నయి. ఎనుక నుంచి టక్కు టక్కు. స్టీరింగు తిప్పుతున్న గానీ బండి సీదా పోతున్నది. మెట్రో పిల్లర్ కాడ యూ టర్న్ కొడుతుంటె ఆటోవోడు 'ఏందన్నా, మేకను కోస్తున్నవా' అన్నడు!"

స్విచ్ తీసేసినా లోపల పళ్లెం వెనక్కి రావడం లేదేమో అనుకున్నాను. అదే అయితే ఇరుసు మొత్తం విప్పాలి. విప్పి బిగించేసరికి ఆ రోజు గడిచిపోతుంది, తెల్లవారితే యూనిట్ బయలుదేరుతుంది. పాతది పెట్టి పంపితే బండి మళ్లీ అదే గుట్ట మధ్యలో ఆగుతుంది. ఏది చేసినా యాదగిరి పని పోయేటట్టే ఉంది. స్పానర్ల పెట్టె మీద చెయ్యి వేశాను.

గఫూర్ సాబ్ స్టూలు మీద నుంచి కదలకుండానే అడిగాడు. "దానియేల్, కూసున్నవా?"

"సాబ్, టైము లేదు..."

"అందుకే అంటున్న. కూసో పో."

ఆర్పరాని దీపం

యాదగిరి నడుపుతుంటే పక్కన కూర్చున్నాను. గల్లీ దాటి రోడ్డెక్కి మెట్రో పిల్లర్ దగ్గర తిప్పాడు. అతను చెప్పినదంతా నిజమే. టైర్లు కీచుమన్నాయి, వెనక నుంచి టక్కుమని తగిలింది. అప్పుడు చూశాను. లాకర్ స్విచ్ మీది ఎర్ర లైటు వెలుగుతోంది.

"లాకర్ వేసే ఉందేంటి?" అని చెయ్యి చాచి స్విచ్ తీసేశాను. బండి ఒళ్లు విరుచుకున్నట్టు తేలికైంది. తర్వాతి మలుపు చప్పుడు లేకుండా తిరిగింది. ఒక్క క్షణం ఎంతో సంతోషపడ్డాను.

ఆ క్షణం దాటకముందే యాదగిరి చెయ్యి వచ్చి స్విచ్ మళ్లీ వేసింది. అతను నా వైపు చూడలేదు. ముందు అద్దం దగ్గరికి చూశాడు. అక్కడ అరచేతిలో పట్టేంత ఇత్తడి నరసింహస్వామి, ఆయన చుట్టూ గుండ్రని లైటు. స్విచ్ తీస్తే ఆరింది. వేస్తే వెలిగింది.

"బండి పక్కకు ఆపు" అన్నాను.

ఆపాడు.

"అమ్మ నరసింహస్వామి గుట్టకు పోయి ఈ స్వామిని తెచ్చిందన్నా" అన్నాడు. "లాకర్ పూజ చేపిచ్చినంక, పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద సామాన్ల దుకాణపోనితోని పెట్టిచ్చిన. గప్పుడు నేను స్విచ్ ఏసి ఆనికి లాకర్ చూపిస్తున్న. ఆడు ఆ పక్కన ఏ వైర్ల కరెంటుందో దానికే కలిపిండు."

"స్విచ్ తీస్తే దీపం పోతోందని నీకు తెలుసు."

"తెలుసు."

"తారు రోడ్డు మీద వెయ్యకూడదని కూడా తెలుసు."

"తెలుసన్నా. బండి పండుకుంటె స్వామి సుత పండుకుంటడు, తప్పు లేదు. గానీ బండి నడుస్తుంటె ఆయన దీపం నా చేతులతోని ఎట్ల ఆర్పాలె? మస్తు పరేషాన్ అయిన. గీ మాట చెప్తె మీరు నవ్వుతరని లాకరే తీసెయ్యమన్న." గొంతు తగ్గించాడు. "మీకేం ఎరుక? మీకు దీపాల పట్టింపు లేదు గద."

నాకు నవ్వు రాలేదు. బైబిల్లో దేవుని కోసం వేసిన ప్రత్యక్ష గుడారంలో దీపం నిత్యమూ వెలుగుతుండాలన్న వాక్యాన్ని చిన్నప్పుడు అర్థం తెలియకుండానే కంఠస్థం చేసినవాణ్ణి నేను. నూనె అయిపోతుందేమోనని కాచుకుని కూర్చునే యాజకుడు ఎలా ఉంటాడో ఊహించుకుంటూ పెరిగాను. మా ఇద్దరి విశ్వాసాలు వేరు. నా విశ్వాసంలో నేను గట్టిగానే నిలబడ్డాను. కానీ టైర్లు అరుస్తున్నా, ఆటోవాడు ఎగతాళి చేస్తున్నా, బతుకుతెరువే పోయేట్టున్నా, ఆర్పడానికి చెయ్యి రాని ఆ భయభక్తులు నాకు పరాయివి కావు. అలాంటి చెయ్యి నాకు ఉందా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

"నవ్వను యాదగిరీ" అన్నాను. "మా గ్రంథంలో కూడా ఆరకూడని దీపం ఒకటుంది. షెడ్డుకు పోదాం పద. నీ స్వామి దీపం ఎవరూ ఆర్పరు."

ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. స్విచ్ ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో మనం చెబుతాం. దాన్ని నొక్కే మనిషి ఇంకా దేనికి కట్టుబడి ఉన్నాడో అడగం. యాదగిరి నా మూడు మాటలూ మరిచిపోలేదు. వాటికంటే పెద్ద మాట ఒకటి అతని దగ్గర ముందే ఉంది.

షెడ్డులో శ్రీలత డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూసి, టేపు చుట్టిన ఒక జాయింటు పట్టుకుని బయటికొచ్చింది.

"ఎవరు చేసిండ్రన్నా గిది? లాగకముందే ఊడొచ్చింది."

గఫూర్ సాబ్ సంగతంతా విని గడ్డం సవరించుకున్నాడు. యాదగిరి ఆయన ఏదో ఒకటి అంటాడని తల దించుకున్నాడు. ఆయన శ్రీలతతో అన్నాడు, "బేటీ, ఇంజను నడిచినంత సేపు ఆ బత్తి వెలగాలె. ఇంకే స్విచ్ దానికి అడ్డం రావద్దు. పక్కా చెయ్యి."

ఆమె తాళంచెవి దగ్గరి కరెంటు నుంచి కొత్త వైరు లాగి, దానికి విడిగా ఒక ఫ్యూజు పెట్టి, స్వామి లైటుకు కలిపింది.

"అన్నా, స్వామికి సొంత ఫ్యూజు ఇచ్చిన. లాకర్ ఖరాబైనా ఆయనకేం గాదు. ఆయన లైటు మాడినా లాకర్ పనిజేస్తది. ఎవరి డిపార్ట్‌మెంట్ వాళ్లదే."

యాదగిరి తాళంచెవి తిప్పాడు. దీపం వెలిగింది. లాకర్ స్విచ్ వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు, మళ్లీ తీశాడు. దీపం రెప్ప కూడా వెయ్యలేదు. అతని మొహం చూసి గఫూర్ సాబ్ "చాలు, స్విచ్ అరుగుతది" అన్నాడు. ఆ రోజు మేము నవ్వింది అప్పుడే, అందరం కలిసి.

గుట్ట

మర్నాడు అతనితో పాటు నేనూ వెళ్లాను. గుట్ట మొదట్లో ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది. పైన రాళ్లు మెట్లు మెట్లుగా ఉన్నాయి. యాదగిరి బండి ఆపి, చెప్పులు క్యాబిన్‌లో వదిలి, దారంతా కాళ్లతో నొక్కి చూసుకుంటూ పైదాకా నడిచి తిరిగొచ్చాడు. ఎక్కడ ఏ చక్రం వెయ్యాలో దారిలో రాళ్లు పెట్టి వచ్చాడు. నేను అతనికి స్విచ్ గురించి చెప్పానే గానీ, ఇది చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఎక్కి కూర్చున్నాడు. స్వామికి దండం పెట్టాడు. బండి నిలిచి ఉండగానే స్విచ్ నొక్కాడు. ఎర్ర లైటు వెలిగింది. మొదటి గేరులో, తొందర లేకుండా కదిలించాడు. నేను కళ్లు మూసుకోకుండానే నాలో నేను ప్రార్థించుకున్నాను. చూడకుండా ఉండలేకపోయాను.

పోయినసారి ఆగిన చోటే ఎడమ చక్రం బురదలో దిగింది. బండి ఒక పక్కకు ఒరిగింది. వెనక జనరేటరు కిర్రుమంది. యాదగిరి యాక్సిలరేటరు పెంచలేదు, కాలు ఉన్నచోటే ఉంచాడు. కుడి చక్రం రాయిని పట్టుకుంది. రెండు చక్రాలూ ఒక్కటిగా తిరిగాయి. బండి బురదలోంచి నెమ్మదిగా లేచి మొదటి రాతి మెట్టు ఎక్కింది. పై మెట్టు దగ్గర ఒక చక్రం గాల్లోకి లేచింది, రెండోది లాగుతూనే ఉంది. పైకి చేరాక గట్టి నేల తగిలింది. చెట్ల వైపు మలుపు తిప్పే ముందు బండి ఆపి, నేను ఏమీ అనకుండానే, తానే స్విచ్ తీసేశాడు. దీపం వెలుగుతూనే ఉంది.

మూర్తి గారు గొడుగు చంకలో పెట్టుకుని వచ్చారు. "ఏంటి యాదగిరీ, అప్పుడే వచ్చేశావా? ఇక్కడ ఇంకా టిఫిన్లే అవ్వలేదు."

"వచ్చేసిన సార్."

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగారు. మెచ్చుకోలేదు. గొడుగు తీసి ఇంకా పైకి, రాళ్ల గుంపు వైపు చూపించారు. "రేపటి సీను అక్కడ. వేరే బండికి కబురు పెట్టాలా, అక్కర్లేదా?"

యాదగిరి మళ్లీ చెప్పులు విడిచాడు. "చూసొచ్చి చెప్త సార్" అని ఆ రాళ్ల వైపు నడక మొదలుపెట్టాడు. నేనూ వెంట వెళ్లబోయాను. అతను వెనక్కి తిరిగాడు.

"నువ్వెందుకన్నా? కిందికి వ్యాను పోతున్నదట, ఎక్కు. రేపు సుత రాకు. నేను చూసుకుంట."

బండివాడి నోట ఆ మాట వినడానికే మేము పని చేసేది. నేను వ్యాను ఎక్కాను. కిటికీలోంచి చూస్తే అతను పైన ఒక రాయి మీద నిలబడి, రెండు చేతులూ ఎత్తి మూర్తి గారికి సైగ చేస్తున్నాడు, బండి వస్తుందని.